గృహత్యాగము – పునరాగమనము

వైరాగ్యము మూడు విధములని మన పెద్దలు పరిహాసముగా చెప్పుచుందురు. పురాణము వినుచున్నంతసేపు నిలుచునది పురాణవైరాగ్యము. చితి మండుచున్నంతసేపు నిలుచునది శ్మశానవైరాగ్యము. ప్రసవవేదన యున్నంతసేపు నిలుచునది ప్రసూతివైరాగ్యము. ఈ మూడింటి ఆయుర్దాయమును గడియలలో లెక్కింపదగినదే గాని దినములలో లెక్కింపదగినది కాదు.

అయితే గడియలతో తీరని వైరాగ్యమును కలదు. చదువు, ధనము, వంశగౌరవము, ముందు సుఖముగా సాగదగిన బ్రదుకు, అన్నియు చేతిలో నుండగా, వీనికంటె సత్యమైనది మఱియొకటి యున్నదని తోచి యొక యువకుడు ఇల్లు విడిచి అరణ్యమునకు పోవును. అతనిని చూచి కొందఱు మతి చెడినదందురు. కొందఱు పాదములకు మ్రొక్కుదురు. ఈ రెండును విచారణ లేని తీర్పులే. బ్రాహ్మధర్మము సంసారమును మిథ్యయని త్రోసివేయదు. గృహస్థుడు గృహస్థుడుగనే యుండి యీశ్వరుని ఉపాసింపవచ్చునని బోధించును. కావున గృహత్యాగమును గూర్చి మన సమాజములోనివారు ఇతరులకంటె నెక్కువ జాగ్రత్తతో విచారింపవలసి యున్నది. ఇల్లు విడుచుట తప్పా, యొప్పా యని మాత్రమే అడిగిన చాలదు. విడుచువాడు ఎవరికి ఋణపడి యున్నాడు? అరణ్యమున నేమి కనుగొనెను? కనుగొన్నదానిని ఎవరికొఱకు తెచ్చెను? ఈ మూడు ప్రశ్నలను వేసి చూడవలెను.

ఇందులకై రెండు చరిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చదువుదము. ఒకటి అమెరికా దేశపు యువకునిది. అది 1992వ సంవత్సరమున ముగిసినది. రెండవది మన సమాజమునకు పితృస్థానమున నున్న మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారిది. దేశమునందు గాని, కాలమునందు గాని, మతమునందు గాని వీరికి పోలిక లేదు. కాని యిద్దఱి చరిత్రములయందును అరణ్యవాసము చివర నొక యేఱు ఎదురైనది. ఆ యేటియొద్ద జరిగినది మన ప్రశ్నలకు చాలవఱకు సమాధానము చెప్పును.

1. అలాస్కా అరణ్యమునకు పోయిన యువకుడు

క్రిస్టఫర్ మెకాండ్లెస్ 1968వ సంవత్సరమున కాలిఫోర్నియా రాష్ట్రమున జన్మించి, వర్జీనియా రాష్ట్రమున పెరిగెను. తండ్రి ఇంజనీరు, ఇంట ధనమునకు కొదువ లేదు. 1990వ సంవత్సరము మే నెలలో అతడు అట్లాంటా నగరములోని ఎమరీ విశ్వవిద్యాలయమున చరిత్రము, మానవశాస్త్రము అభ్యసించి పట్టభద్రుడయ్యెను. ఇక న్యాయశాస్త్రము చదువునని ఇంటివారు తలంచుచుండిరి. అతడు తనయొద్ద మిగిలియున్న సుమారు 24,000 డాలర్లను క్షామనివారణకై పాటుపడు ఆక్స్‌ఫామ్ అను ధర్మసంస్థకు దానము చేసి, ఎవరికిని చెప్పకుండ పడమటి దిక్కునకు బయలుదేరెను. తన పేర వచ్చు ఉత్తరములను ఆగస్టు 1వ తేది వఱకు నిలిపియుంచి, పిమ్మట పంపినవారికే మఱల పంపవలసినదని తపాలా కచ్చేరిలో చెప్పిపోయెను. తల్లిదండ్రులు వ్రాసిన యుత్తరములన్నియు ఒక కట్టగా ఇంటికి తిరిగి వచ్చెను. అది మొదలు వారికి కుమారుని జాడ తెలియదు.

పడమటి యెడారిలో వరద వచ్చి మోటారు బండి చెడిపోగా అతడు దానిని విడిచి, చేతనున్న కొలది నోట్లను తగులబెట్టి, తల్లిదండ్రులు పెట్టిన పేరును మాని వేఱొక పేరు పెట్టుకొనెను. రెండేండ్లు దేశమంతయు తిరిగెను. దక్షిణ డకోటాలో ధాన్యపు కొట్లయందు కూలి చేసెను. కొలరాడో నదిలో చిన్న దోనె వేసికొని మెక్సికో దేశము వఱకు పోయెను. పోయిన చోటనెల్ల జనులు అతనిని ప్రేమించిరి. ఎనుబదియేండ్ల వృద్ధుడొకడు, ముందువెనుకలు లేనివాడు, నిన్ను మనుమనిగా దత్తు చేసికొందునని యడిగెను. అలాస్కానుండి తిరిగివచ్చిన పిమ్మట మాటాడుకొందమని చెప్పి యువకుడు ఆ మాటను తప్పించుకొనెను.

1992వ సంవత్సరము ఏప్రిలు 28వ తేదిన అతడు అలాస్కా రాష్ట్రమున హీలీ గ్రామము సమీపమునుండి అడవిబాటను పట్టి నడచెను. సుమారు నాలుగున్నర కిలోల బియ్యము, ఒక చిన్న తుపాకి, కొన్ని పుస్తకములు వెంట నుండెను. ఆ ప్రాంతపు సరియైన పటము లేకుండెను. మంచు ఇంకను కరగని దినములగుటచే త్రోవలోనున్న టెక్లానికా యను ఏటిని సులభముగా దాటెను. ఏటికి ఆవల, పూర్వము బాటపనివారు వదలిపోయిన పాత బస్సొకటి కనబడగా, దానినే కుటీరముగా చేసికొని నివసించెను. ఉడుతలను, పక్షులను వేటాడియు, కాయలు దుంపలు త్రవ్వియు ఆకలి తీర్చుకొనుచుండెను. జూను 9వ తేదిన మూస్ అను పెద్ద దుప్పిని చంపెను గాని, మాంసమును నిలువచేయు విధము తెలియక అంతయు పురుగుపట్టిపోయెను. ఆ ప్రాణిని వ్యర్థముగా చంపితినని యతడు మిక్కిలి దుఃఖించినట్లు తన దినచర్యలో వ్రాసికొనెను. ఈ పశ్చాత్తాపమునుబట్టియే అతని హృదయము కఠినమైనది కాదని మనకు తెలియుచున్నది.

అతడు చచ్చుటకు పోయెనని తలంచువారు కొందఱున్నారు. అది సత్యము కాదు. అడవిలో అతడు చదివిన పుస్తకములలో టాల్‌స్టాయి కథ యొకటి యుండెను. ఇతరులకొఱకు జీవించుటయందే నిశ్చయమైన సుఖమున్నదను అర్థముగల భాగమును అతడు అందు గుర్తుపెట్టెను. రెండు నెలలు గడచిన పిమ్మట, జూలై మొదట, మూట కట్టుకొని జనులలోనికి తిరిగి బయలుదేరెను. జూలై 5వ తేదిన ఏటియొద్దకు వచ్చునప్పటికి మంచు కరిగి ఏఱు వెల్లువగా పాఱుచుండెను. దాటలేక మఱల బస్సునకు పోయెను. ఏటి వెంబడి క్రిందికి ఒక మైలైన నడువనక్కఱలేకుండ, నీటిమట్టము కొలుచువారు కట్టిన ఇనుపతీగయు, దానిమీద నడచు తొట్టియు నుండెను. పటమున్నచో అది యతనికి తెలిసియుండెడిది. జూలై నెల చివరకు నిలువబడుటకును శక్తి లేనివాడయ్యెను. చివరి దినములలో మఱియొక పుస్తకపు అంచున, పంచుకొన్నప్పుడుగాని సుఖము సుఖము కాదను భావమును వ్రాసియుంచెను. ఆగస్టు 18వ తేది ప్రాంతమున మరణించెను. సెప్టెంబరు 6వ తేదిన వేటగాండ్రు చూచునప్పటికి ఆ దేహపు బరువు సుమారు 30 కిలోలు. వయస్సు 24 ఏండ్లు.

ఇచ్చట చదువరులు ఒక సంగతి గమనింపవలెను. అరణ్యము అతనికి సత్యమునే తెలిపినది. మానవుడు ఒంటరిగా పూర్ణుడు కాడను సత్యమది. కాని యా సత్యము అందవలసిన వారికి అతని నోటినుండి అందలేదు. తిరిగి వచ్చినయెడల తల్లిదండ్రులతో నేమి చెప్పియుండునో, దత్తు చేసికొందునన్న వృద్ధునితో నేమి చెప్పియుండునో, ఎవరును ఎఱుగరు.

పిమ్మట జరిగినది ఇంతకంటె శోచనీయము. 1996వ సంవత్సరమున జాన్ క్రాకౌర్ అను గ్రంథకర్త యితని చరిత్రమును పుస్తకముగా వ్రాసెను. 2007లో అది చలనచిత్రమయ్యెను. అంతట నానాదేశముల యువతీయువకులు ఆ బస్సును చూడబోవ నారంభించిరి. బస్సును చేరుటయే యొక తీర్థయాత్రయయ్యెను. అదే ఏటిని దాటబోయి 2010లో ఒక స్త్రీయు, 2019లో మఱియొక స్త్రీయు మునిగిపోయిరి. తప్పిపోయినవారిని, గాయపడినవారిని వెదకి తెచ్చుట అధికారులకు నిత్యకృత్యమయ్యెను. తుదకు 2020వ సంవత్సరము జూను నెలలో బస్సును హెలికాప్టరుచేత నెత్తించి ఫెయిర్‌బాంక్స్ నగరమునకు తెచ్చిరి. విగ్రహారాధన మనగా రాతిబొమ్మకు మ్రొక్కుట మాత్రమే కాదని మనము తఱచుగా చెప్పుచుందుము. ఇందులకు దీనికంటె నిదర్శనము వలయునా? ఆ యువకుడు చివరకు నేర్చుకొన్న మాట, జనులలోనికి తిరిగి పొమ్మనుట. అతని భక్తులు మాటను విడిచి ఇనుప పెట్టెను పట్టుకొనిరి.

2. హిమాలయమునకు పోయిన మహర్షి

ఇక మహర్షి చరిత్రమునకు వత్తము. దేవేంద్రనాథుడు 1817వ సంవత్సరమున కలకత్తా నగరమున గొప్ప ధనికుడగు ద్వారకానాథ ఠాకూరుగారికి జ్యేష్ఠపుత్రుడుగా జన్మించెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున, తన్ను పెంచిన పితామహి గంగాతీరమున అవసానదశయందుండగా, ఆమె చెంతనుండి యొక రాత్రి చాపమీద కూర్చుండియుండెను. చంద్రోదయమైనది, సమీపమున నామసంకీర్తనము జరుగుచున్నది. ఆ సమయమున అతనికి ఐశ్వర్యమునందు ఏవగింపును, అనిర్వచనీయమైన ఆనందమును కలిగెను. మన పెద్దల లెక్కప్రకారము ఇది శ్మశానవైరాగ్యమే. తెల్లవాఱునప్పటికి మాయము కావలసినది. ఆనందము మాయమయ్యెను గాని వెదకుట మాయము కాలేదు. కొంతకాలమునకు ఈశావాస్యోపనిషత్తునుండి చినిగిన పత్రమొకటి గాలికి కొట్టుకొనివచ్చి యతనికి దొరకెను. జగత్తంతయు ఈశ్వరునిచే నావరింపబడియున్నదనియు, ఆయన యిచ్చినదానిని లోభము లేక అనుభవింపవలయుననియు రామచంద్ర విద్యావాగీశుడు దాని యర్థము చెప్పెను. ఆ యర్థమే యతనికి త్రోవ చూపెను. 1839లో తత్త్వబోధినీ సభను స్థాపించెను. 1843వ సంవత్సరము డిసెంబరు 21వ తేదిన సహచరులతో గూడ బ్రాహ్మధర్మదీక్ష గైకొనెను.

మన మొదటి ప్రశ్న ఋణమును గూర్చినది. మహర్షి విషయమున నిది మాటవరుసకు చెప్పిన ఋణము కాదు; పత్రములమీది ఋణమే. 1846లో తండ్రి లండను నగరమున మరణించెను. 1848వ సంవత్సరారంభమున కుటుంబపు వర్తకసంఘమగు కార్ ఠాకూరు కంపెనీ కూలిపోయెను. తండ్రి తన భూములలో కొన్నిటిని ముందే ధర్మకర్తృత్వపత్రముక్రింద నుంచియుండుటచే అప్పులవారు వానిని ముట్టుటకు చట్టప్రకారము హక్కు లేదు. న్యాయవాదులమగు మనము అట్టి క్లయింటునకు ఏమి యాలోచన చెప్పుదుమో మనకే తెలియును. దేవేంద్రనాథుడు ఆ యాలోచన వినలేదు. చట్టము కాపాడిన ఆస్తిని సయితము అప్పులవారి యెదుట నుంచి, తండ్రి ఋణమును తీర్చువఱకు అంతయు మీదే యనెను. అప్పులవారు ఆశ్చర్యపడి ఎస్టేటును ఆయన కుటుంబముచేతనే నడిపింప నిచ్చిరి. సంవత్సరముల తరబడి శ్రమించి ఆ ఋణము తీర్చబడెను. హిమాలయమున పొందిన దర్శనములకంటె ముందు ఈ సంగతిని మన పిల్లలకు చెప్పవలెను.

ఇట్టివానికి అరణ్యమునకు పోవలయునని యేల తోచెను? ఇంటి చిక్కులు కొంత కారణము. సమాజములోని శుష్కవాదములు అంతకంటె పెద్ద కారణము. ఈశ్వరుడు ఆనందస్వరూపుడా, కాడా యను విషయమును సభలో చేతులెత్తించి అధికసంఖ్యాకుల అభిప్రాయమునుబట్టి నిర్ణయించు దశకు సభికులు వచ్చిరని ఆయనయే స్వీయచరిత్రమున వ్రాసెను. మనస్సు విసిగి, 1856వ సంవత్సరము అక్టోబరు నెలలో పడవమీద కాశికి బయలుదేరెను. అప్పటికి ఆయనకు ముప్పదితొమ్మిదియేండ్లు. ఆగ్రా, ఢిల్లీ నగరములమీదుగా అమృతసరమునకు పోయి, అచ్చటి స్వర్ణమందిరమున సిక్కుల సంకీర్తనమునందు పాల్గొనెను. 1857 ఏప్రిలు నెలలో సిమ్లా చేరెను. మఱుసటి నెలలోనే ఉత్తరదేశమున తిరుగుబాటు చెలరేగెను. ఆ కల్లోలము కొంత సద్దుమణిగినంతట ఆయన పర్వతములలో ఇంకను లోపలికి పోయి, దేవదారు వనములయందును మంచుకొండల యెదుటను ఉపాసనలో కాలము గడపెను.

1858వ సంవత్సరము వర్షాకాలాంతమున ఆయన యొకనాడు పర్వతమునుండి దిగి లోయలోని నదియొద్ద నిలిచెను. ఇచ్చట నింత నిర్మలముగా, చల్లగా నున్న యీ నీరు క్రిందికేల పరుగెత్తుచున్నది? పల్లమునకు పోవుకొలది బురదతో, మాలిన్యముతో కలియును గదా! అయినను పైరులను పండించుటకు, భూమికి మేలు చేయుటకు, ఈశ్వరాజ్ఞచే గర్వము విడిచి దిగిపోవుచున్నది. ఇట్లు తలపోయుచుండగా, నీవును ఈ నదివలెనే దిగిపొమ్ము, ఇచ్చట నీకు లభించిన సత్యమును లోకమునకు చెప్పుమను ఆజ్ఞ అంతరంగమున వినబడినట్లు ఆయన వ్రాసెను. ఆయనకు ఆ యాజ్ఞ ఇష్టము కాలేదు. మఱల సంసారపు సందడిలో పడుటకు హృదయము వణకెను. అయినను దిగెను. 1858 నవంబరులో కలకత్తా చేరెను. ఆయన లేని దినములలోనే కేశవచంద్రసేనుడను యువకుడు సమాజమున చేరియుండెను. 1859లో వారిద్దఱును కలిసి బ్రహ్మవిద్యాలయమును నడుప నారంభించిరి. అది మొదలు సమాజమునకు క్రొత్త యూపిరి వచ్చినది.

మహర్షియందు మనకెంత భక్తి యున్నను ఒక మాట దాచరాదు. ఆ రెండేండ్లును ఆయన ధర్మపత్ని శారదాదేవి బిడ్డలతో కలకత్తాలో నుండెను. తిరుగుబాటు దినములలో ఉత్తరదేశమునందున్న భర్త క్షేమమును గూర్చి ఆమె హృదయ మెట్లుండెనో ఊహించుట కష్టము కాదు. త్యాగము చేసినవాని పేరు చరిత్రమున నిలుచును. ఆ త్యాగపు భారమును మోసినవారి పేరు తఱచుగా నిలువదు. సంఘసంస్కర్తలమని చెప్పుకొను మనము ఆ రెండవ పేరును మఱవరాదు.

3. శాస్త్రము, చట్టము

ఈ విషయమున మన పూర్వులు ఏకాభిప్రాయులు కారు. జాబాలోపనిషత్తు, విరక్తి కలిగిన దినముననే సన్న్యసింపవచ్చునని చెప్పుచున్నది. మనుస్మృతి, ఋషిఋణము, దేవఋణము, పితృఋణము తీర్చకుండ మోక్షమును కోరువాడు అధోగతికి పోవునని చెప్పుచున్నది. కౌటిల్యుడు వేదాంతచర్చలోనికి దిగక, ఆలుబిడ్డలకు జీవనాధారము కల్పింపకుండ సన్న్యసించువానికి పూర్వసాహసదండము విధింపవలెనని అర్థశాస్త్రమున శాసించెను. స్త్రీని సన్న్యసింపజేయువానికిని అదియే శిక్ష. ఆ కాలమున ఇంటివారిని అన్నమునకు లేకుండ చేసి పోయినవారు లేకున్నచో ఈ శాసనము పుట్టియుండదు.

గౌతమబుద్ధుని చరిత్రము మఱింత బోధకమైనది. ఇరువదితొమ్మిదేండ్ల వయస్సున భార్యను, శిశువును విడిచిపోయిన యాతడు, ఆఱేండ్ల తపస్సు పిమ్మట జ్ఞానము పొంది, కపిలవస్తునకు వచ్చి కుమారుడగు రాహులుని సంఘమున చేర్చుకొనెను. వృద్ధుడగు శుద్ధోదనుడు, నీవు పోయినప్పుడు పడిన దుఃఖము చాలదా, ఈ పసివానిని కూడ తీసికొంటివే యని మొఱపెట్టుకొనెను. అంతట తల్లిదండ్రుల యనుజ్ఞ లేక కుమారులను సంఘమున చేర్చుకొనరాదని బుద్ధుడు నియమము చేసెను. ఎవనికొఱకు రాజగృహము విలపించెనో, వాడే పిమ్మట నితరుల ఇండ్లు విలపింపకుండుటకు నియమము చేసెను. జ్ఞానమును తానొక్కడే యుంచుకొనక నలుబదియైదేండ్లు ఊరూర తిరిగి బోధించెను.

నేటి చట్టమును ఈ విషయమున మౌనముగా లేదు. విధ్యుక్తముగా సన్న్యసించినవాడు లౌకికవ్యవహారమున మృతుడై, పూర్వకుటుంబపు ఆస్తిలో హక్కు కోల్పోవునని హిందూ ధర్మశాస్త్రము చెప్పును. కాషాయము కట్టుట మాత్రమే చాలదు, తగిన కర్మకాండ జరిగియుండవలెనని న్యాయస్థానములు తీర్పు చెప్పినవి. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము 13వ సెక్షను ప్రకారము, భర్తగాని భార్యగాని లోకమును త్యజించి మతాశ్రమమున ప్రవేశించినచో, మిగిలినవారు విడాకులు కోరవచ్చును. శక్తి యుండియు భార్యను, బిడ్డలను, తల్లిదండ్రులను పోషింపనివానిని పోషణ కిమ్మని మేజిస్ట్రేటు ఆజ్ఞాపింపవచ్చును. 1973వ సంవత్సరపు క్రిమినల్ ప్రొసీజరు కోడు 125వ సెక్షనులో నుండిన యీ విధి, 2023వ సంవత్సరపు భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షనులో నున్నది. అయితే చట్టము ఇంతవఱకే పోగలదు. విడిచిపోయినవాని భార్యకు విడాకులు ఇప్పించగలదు, భృతి ఇప్పించగలదు. ఎందులకు పోయెనో చెప్పలేదు. జాబులన్నియు కట్టగా తిరిగివచ్చిన తల్లికి ఏ సెక్షనును ఊరట నీయజాలదు.

4. రెండు ఏళ్లయొద్ద తేలిన సంగతి

ఇప్పుడు మన మూడు ప్రశ్నలను మఱల వేసి చూతము. అలాస్కా యువకుడు ధనఋణము ఎవరికిని లేడు. ఉన్నది దానము చేసిపోయెను. కాని తల్లిదండ్రులకు, చెల్లెలికి ఒక్క మాట ఋణపడి యుండెను, దానిని తీర్చలేదు. మహర్షి పత్రములమీది ఋణమునకు బాధ్యత వహించినవాడు; ఇంటి ఋణమును పూర్తిగా తీర్చెనని చెప్పలేము. అరణ్యమున నిద్దఱును కనుగొన్నది చాలవఱకు నొక్కటియే: సత్యము ఒంటరివాని సొత్తు కాదనుట. మూడవ ప్రశ్నయొద్ద ఇద్దఱును వేఱైరి. ఒకనికి ఏఱు త్రోవ మూసినది. ఒకనికి నది త్రోవ చూపినది. తిరిగివచ్చు త్రోవను ముందుగా చూచుకొని పోవుట భీరుత్వమని యువకులు తలంతురు. అది భీరుత్వము కాదు. వెనుక నున్నవారియెడ ప్రేమ.

అలాస్కా యువకుడు మిక్కిలి గౌరవించిన థోరో మహాశయుని చరిత్రమును ఇందులకు సాక్షిగా చెప్పవచ్చును. ఆయన 1845వ సంవత్సరము జూలై 4వ తేది మొదలు రెండేండ్ల రెండు నెలలు వాల్డెన్ సరస్సు తీరమున ఒంటరిగా నివసించెను. ఆ కుటీరము కాంకర్డ్ గ్రామమునకు సుమారు మైలున్నర దూరము మాత్రమే. స్నేహితులు వచ్చుచుండిరి, ఆయనయు గ్రామమునకు పోవుచుండెను. పిదప తిరిగి వచ్చి తాను చూచినదానిని గ్రంథముగా వ్రాసి లోకమున కిచ్చెను. ఏకాంతమునకు మైళ్ల కొలత లేదు.

మహర్షియు తన చివరి కాలమున ఈ సత్యమునే పత్రముమీద నెక్కించెను. 1863లో బోల్పూరు సమీపమున బయలు నేలను తీసికొని చెట్లు నాటించి, శాంతినికేతనమను గృహమును కట్టించెను. 1888లో దానికి ధర్మకర్తృత్వపత్రము వ్రాసి, ఏ జాతివారైనను వచ్చి నిరాకారుడగు ఈశ్వరుని ధ్యానింపవచ్చుననియు, అచ్చట విగ్రహపూజ గాని, పరమతదూషణము గాని కూడదనియు నిర్ణయించెను. అరణ్యమును వెదకుకొని ఇంటినుండి పాఱిపోనక్కఱలేకుండ, అరణ్యమునే ఇంటివారికి సమీపమునకు తెచ్చుట యిది.

5. గృహస్థులకు, యువకులకు

విద్యావంతులైన గృహస్థులారా! మీ యింట నొక యువకుడు మౌనముగా నున్నాడనుకొనుడు. భోజనమునందు రుచి లేదు. ఉద్యోగపు మాట యెత్తిన విసుగుకొనును. సంబంధములు వచ్చిన మొగము త్రిప్పుకొనును. వైద్యునికి చూపుడు, అది యవసరము కావచ్చును. కాని యొక ప్రశ్న మీకు మీరే వేసికొనుడు: వాడు ఇంటిని రోసెనా, ఇంటిలోని అసత్యమును రోసెనా? పగలు సభలో కులభేదము తప్పని యుపన్యసించిన తండ్రి, రాత్రి గోత్రమును, శాఖను విచారించుట వాడు చూచుచున్నాడు. కట్నము 1961వ సంవత్సరపు చట్టముచే నిషిద్ధమని యెఱిగిన న్యాయవాదియే, తన కుమారుని వెల నిర్ణయించుట వాడు వినుచున్నాడు. ఈశ్వరుడు ఒక్కడేయని ప్రార్థించి, పనిమనిషికి వేఱు గ్లాసు పెట్టుట వాడు కనుచున్నాడు. ఇట్టి యింటనుండి సత్యమును కోరి వాడు బయలుదేరినచో, వానిని వెదకుటకు మనుష్యులను పంపుటకంటె ముందు ఇంటిని శుభ్రము చేసికొనుట మేలు. ఇల్లు సత్యముగా నున్నచో అరణ్యమునకు పోవువారి సంఖ్య తగ్గును. పోయినవారికి తిరిగిరావలయునను కోరిక హెచ్చును.

యువకులారా! మీకు అరణ్యము పిలుపు వినబడినచో అది యీశ్వరుని పిలుపే కావచ్చును; దానిని నేను తృణీకరింపను. పొండు. కాని మీ కూడు వండిన చేతికి చెప్పి పొండు. మీపై నాధారపడినవారికి ఏర్పాటు చేసి, వివాహితులైనచో జీవితభాగస్వామి మనఃపూర్వకముగా నొప్పుకొన్న పిమ్మటనే పొండు. ఎచ్చటనున్నదియు ఒక్కరికైనను తెలియనిండు. అరణ్యమును గూర్చి యచ్చటివారిని అడిగి తెలిసికొనుడు. పటము చేతబట్టుట వైరాగ్యమునకు కళంకము కాదు. ఏదియైన లభించినప్పుడు అది మీకొఱకు మాత్రమే యిచ్చినది కాదని యెఱుంగుడు.

మన తెలుగుదేశమున కందుకూరి వీరేశలింగముపంతులుగారు ఏ యరణ్యమునకును పోలేదు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదిన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించినప్పుడు, బంధువులు దూరమై, వెలి భయముచే సహాయము చేయువారు కఱవై, జనసమ్మర్దములో నుండియే ఆయన యొంటరివాడయ్యెను. సత్యము నిమిత్తము తన వీథిలోనే యట్టి యేకాంతమును సహించినవాని తపస్సు హిమాలయమున చేసిన తపస్సునకు తీసిపోదు.

మన యూళ్లలోను ఒక చిన్న తోపును, ఒక నిశ్శబ్దమైన గదిని, విగ్రహము లేనిదానిని, కులము అడుగనిదానిని, సమాజము పక్షమున ఏర్పఱచుట మన శక్తికి మించిన పని కాదు. సంసారము బరువై తోచిన యువతీయువకులు అచ్చట నాలుగు దినములుండి, ధ్యానించి, పెద్దలతో మాటాడి, బలము పొంది ఇంటికి తిరిగిపోవుదురు గాక. రాబోవు సభలో ఈ విషయమును చర్చకు పెట్టవలసినదని సభ్యులను వేడుచున్నాను. ఒక్క తల్లికైనను తన యుత్తరములు కట్టగా తిరిగిరాకుండ చేసితిమేని మన శ్రమ యీశ్వరునికి సమ్మతమగును.